లిండేన్ వెనక మిగిలినది: బీటా హెచ్‌సీహెచ్

ఒక టన్ను లిండేన్ అనే పురుగుమందు చేతికి రావాలంటే, దానితో పాటు ఆరు నుంచి పది టన్నుల దాకా ఎందుకూ కొరగాని తెల్లటి పొడి పుట్టుకొస్తుంది. అది ఏదో ఒక కర్మాగారంలో జరిగిన పొరపాటు వల్ల వచ్చేది కాదు, ఆ మందును పుట్టించే రసాయన చర్య స్వభావమే అంత. 1940ల నుంచి లోకమంతటా అమ్ముడైన లిండేన్ వెనక ఇలా మిగిలిపోయిన వ్యర్థం 40 లక్షల నుంచి 70 లక్షల టన్నుల వరకు ఉంటుందని ఈ రంగంలో ఏళ్ల తరబడి పనిచేసిన నిపుణులు అంచనా కట్టారు. ఆ వ్యర్థంలో ఒక భాగమైన బీటా హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్ గురించి, పొట్టిగా చెప్పాలంటే బీటా హెచ్‌సీహెచ్ గురించి, ఈ వ్యాసం. దాన్ని తయారు చేయాలని ఎవరూ ఏనాడూ కర్మాగారం పెట్టలేదు. పురుగులను చంపే శక్తి దానికి లేదనే చెప్పాలి. అయినా మనుషుల రక్తంలోనూ తల్లిపాలలోనూ హెచ్‌సీహెచ్ కోసం వెతికినప్పుడు, అమ్మకం కోసం తయారు చేసిన గామా (లిండేన్ అంటే ఈ రూపమే) కన్నా ఎవరికీ అక్కర్లేని ఈ బీటాయే ఎక్కువగా బయటపడుతూ వచ్చింది. అలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలంటే కొంత రసాయన శాస్త్రం, కొంత వ్యాపారం, కొంత చట్టం కలిపి చూడాలి.

ముందుగా పేర్ల చిక్కు విప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఈ విషయంలో చాలా పొరపాట్లు పేర్ల దగ్గరే మొదలవుతాయి. హెచ్‌సీహెచ్ అన్నా, పాత డబ్బాల మీదా పాత ప్రభుత్వ పత్రాల్లోనూ కనిపించే బీహెచ్‌సీ, అంటే బెంజీన్ హెక్సాక్లోరైడ్, అన్నా ఒకటే. గమాక్సిన్ అని జనం నోట నలిగిన పొడి కూడా ఈ కుటుంబానిదే. హెక్సాక్లోరోబెంజీన్ మాత్రం పూర్తిగా వేరే పదార్థం. పేరు చెవికి దగ్గరగా వినిపించినా దాని అణువులో హైడ్రోజన్ అసలే ఉండదు, హెచ్‌సీహెచ్ అణువులో మాత్రం ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఆరు క్లోరిన్లు ఉంటాయి. ఇక హెచ్‌సీహెచ్‌లోనే రెండు రకాల సరుకు అమ్ముడయ్యేది. అన్ని రూపాలూ కలగలిసిన మిశ్రమాన్ని టెక్నికల్ హెచ్‌సీహెచ్ అన్నారు. అందులోంచి గామా రూపాన్ని విడదీసి, 99 శాతానికి తగ్గకుండా శుద్ధి చేసిన సరుకును లిండేన్ అన్నారు.

ఈ పదార్థం చరిత్ర పురుగుమందుల చరిత్ర కన్నా పాతది. 1825లో మైకేల్ ఫారడే బెంజీన్‌ను కనుగొన్నారు. అదే ఏడు ఆయన దానికి క్లోరిన్ వాయువును కలిపి ఎండలో ఉంచి, ఒక ఘనపదార్థం ఏర్పడడం గమనించారు. అది దేనికి పనికొస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు. 1912లో డచ్ రసాయన శాస్త్రవేత్త టాయినిస్ వాన్ డర్ లిండెన్ ఆ పదార్థం ఒక్కటి కాదనీ, అందులో కనీసం నాలుగు వేర్వేరు రూపాలు ఉన్నాయనీ చూపించారు. వాటికి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అనే పేర్లు నిలిచాయి. 1940ల తొలి సంవత్సరాల్లో బ్రిటన్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ ఆ మిశ్రమం పురుగులను చంపుతుందని తేలింది. ఆ బలమంతా గామా ఒక్కదానిదేనని కొద్దికాలంలోనే అర్థమైంది. గామా అణువు పురుగు నాడీకణాల్లో క్లోరైడ్ ప్రవేశించే ద్వారాలను మూసివేస్తుంది. దాంతో ఉద్రేకాన్ని అణచే సంకేతాలు ఆగిపోయి, పురుగు కొట్టుకొని చచ్చిపోతుంది. లిండేన్ అనే పేరు ఆ డచ్ శాస్త్రవేత్త గౌరవార్థం పెట్టిందే.

తయారీ విధానం మాత్రం ఫారడే నాటి నుంచి సారాంశంలో మారలేదు. బెంజీన్‌లోకి క్లోరిన్ పంపి, కాంతి ప్రసరింపజేస్తారు. కాంతి తగలగానే క్లోరిన్ అణువు రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కలు బెంజీన్ వలయానికి ఒకదాని తర్వాత ఒకటి వచ్చి అతుక్కుంటాయి. ఏ క్లోరిన్ వలయానికి పైవైపు అతుక్కోవాలి, ఏది కిందివైపు అతుక్కోవాలి అని శాసించే శక్తి ఆ చర్యలో ఏదీ లేదు. అందువల్ల ప్రతిసారీ ఇంచుమించు ఒకే పాళ్లలో మిశ్రమం వస్తుంది: ఆల్ఫా 60 నుంచి 70 శాతం, బీటా 5 నుంచి 12, గామా 10 నుంచి 15, డెల్టా 6 నుంచి 10, మిగిలినవి కొద్దికొద్దిగా. ఎంత అనుభవం ఉన్న ఇంజనీరైనా గామాను ఈ పాళ్లకు మించి చెప్పుకోదగినంత పెంచలేకపోయాడు. అంటే రియాక్టరులోంచి బయటికి వచ్చే సరుకులో మందు ఎనిమిదో వంతు, మిగతా ఏడు వంతులూ దానితో పాటు బలవంతంగా పుట్టినవి.

ఈ రూపాలను రసాయన శాస్త్రం ఐసోమర్లు అంటుంది, తెలుగు పాఠ్యపుస్తకాలు సాదృశ్యకాలు అంటాయి. అన్నింటిలోనూ ఉన్నవి అవే పరమాణువులు, అవి ఒకదానితో ఒకటి ముడిపడిన వరుస కూడా అదే. తేడా అంతా క్లోరిన్లు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయన్న దాంట్లోనే ఉంది. ఇంత చిన్న తేడా ఒక అణువును ఒక రోజులో కరిగిపోయేదిగానూ ఇంకొక దాన్ని దశాబ్దాలు నిలిచేదిగానూ చేస్తుందంటే నమ్మడం కష్టం. కనుక ఈ ఒక్క విషయాన్ని కొంచెం దగ్గరగా చూడాలి.

ఆరు కార్బన్ల వలయం బల్లపరుపుగా ఉండదు. ఒక కొస పైకీ ఎదుటి కొస కిందికీ వంగి, పక్క నుంచి చూస్తే వాలుకుర్చీలా కనిపిస్తుంది. ప్రతి కార్బన్ దగ్గరా రెండు ఖాళీ స్థానాలు ఉంటాయి. ఒకటి నిలువుగా, పైకో కిందికో నిక్కి ఉంటుంది. రెండోది వలయపు అంచు వెంట బయటికి, పక్కకు చాచి ఉంటుంది. క్లోరిన్ హైడ్రోజన్ కన్నా ఎంతో పెద్ద పరమాణువు కాబట్టి నిలువు స్థానంలో కూర్చుంటే వలయానికి అదే వైపున నిలువుగా ఉన్న పొరుగు పరమాణువులతో ఒరుసుకుంటుంది. పక్క స్థానంలో ఉంటే ఆ ఇరుకు ఉండదు. గామాలో మూడు క్లోరిన్లు నిలువుగా, మూడు పక్కకు ఉంటాయి. ఆల్ఫాలో రెండు నిలువు, నాలుగు పక్క. డెల్టాలో ఒకటే నిలువు. బీటాలో ఆరుకు ఆరూ పక్కకే ఉంటాయి. నిలువు స్థానాలన్నింటిలోనూ చిన్నవైన హైడ్రోజన్లే ఉండడం వల్ల ఒరిపిడి అన్నది లేకుండా, అన్ని వైపులా సమతూకంగా, ఈ కుటుంబంలోకెల్లా స్థిరంగా కుదురుకున్న అణువు అది.

ఇప్పుడు అసలు చిక్కు. ప్రకృతిలో హెచ్‌సీహెచ్ విచ్ఛిన్నం కావడానికి ఉన్న సులువైన దారి, పక్కపక్క కార్బన్ల మీది ఒక క్లోరిన్, ఒక హైడ్రోజన్ జంటగా ఊడిపోవడం. ఆ జంట అలా ఊడాలంటే రెండూ నిలువు స్థానాల్లో, ఒకటి పైకి, ఒకటి కిందికి, పరస్పరం ఎదురు దిక్కులకు తిరిగి ఉండాలి. గామాలో అలాంటి జంటలు ఉన్నాయి. బీటాలో నిలువుగా ఉన్న క్లోరిన్ ఒక్కటీ లేదు కాబట్టి ఆ జంట కుదరదు. వలయం తిరగబడితే స్థానాలు మారతాయి కదా అనవచ్చు. నిజమే, కానీ బీటా తిరగబడితే ఆరు క్లోరిన్లూ ఒక్కసారిగా నిలువు స్థానాల్లోకి వచ్చి పడతాయి. ఆ ఇరుకును అణువు ఓర్చుకోలేదు కనుక తిరగబడదు. క్షారం కలిపి వేడి చేసినప్పుడు తన తోటి రూపాలన్నీ క్లోరిన్‌ను వదులుకుంటూ ఉంటే, బీటా వాటికన్నా వేల రెట్లు నెమ్మదిగా మాత్రమే స్పందిస్తుంది. గామా సుమారు 112 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, బీటా 300 డిగ్రీలు దాటాక గానీ కరగదు. నీటిలో ఈ కుటుంబంలో అతి తక్కువగా కరిగే వాటిలో ఇది ఒకటి, ఆవిరిగా మారే గుణమూ దీనికే తక్కువ. ఈ వ్యాసంలో ఇక ముందు చెప్పబోయే సంగతులన్నీ, ఆవు పాల నుంచి ధ్రువ సముద్రం దాకా, ఈ ఆరు క్లోరిన్ల అమరిక నుంచి వచ్చినవే.

మొదట్లో చాలా దేశాలు మిశ్రమాన్ని విడదీయకుండా అలాగే పొలాల మీద చల్లాయి. చౌకగా దొరికేది, కాబట్టి వాడకం విపరీతంగా పెరిగింది. 1948 నుంచి 1997 దాకా లోకంలో దాదాపు కోటి టన్నుల టెక్నికల్ హెచ్‌సీహెచ్ వాడారని అంచనా. అందులో చైనా వాటాయే అన్నింటికన్నా పెద్దది. అలా చల్లిన ప్రతి బస్తాతోనూ బీటా నేలలోకి చేరింది. ధాన్యానికీ కూరగాయలకూ బూజు వాసన లాంటి పాడు రుచి అంటుకుంటోందన్న ఫిర్యాదులు, పనికిరాని రూపాలను మోసుకెళ్లి చల్లడం దేనికన్న లెక్కలు, ఆహారంలో అవశేషాల మీద పెరిగిన భయం కలిసి, తయారీదారులను గామా ఒక్కదాన్నే విడదీసే వైపు నడిపించాయి. జపాన్ 1970ల మొదట్లో, చైనా 1983లో, సోవియట్ యూనియన్ 1990లో, భారతదేశం 1997లో టెక్నికల్ హెచ్‌సీహెచ్‌ను ఆపేశాయి. చాలా చోట్ల ఆ స్థానంలోకి లిండేన్ వచ్చింది, శుద్ధమైన మందుగా, మేలైన ప్రత్యామ్నాయంగా.

శుద్ధి అనే మాట ఇక్కడ చాలామందిని తప్పుదోవ పట్టించింది. శుద్ధి చేసే పద్ధతి చూడండి: మిశ్రమాన్ని మెథనాల్ లాంటి ద్రావణిలో కలుపుతారు. గామా అందులో కరుగుతుంది. ఆల్ఫా, బీటాలు అంతగా కరగక అడుగున తెల్లటి ముద్దగా మిగిలిపోతాయి. పైన ఉన్న ద్రవాన్ని వడగట్టి, ద్రావణిని ఆవిరి చేసి, మళ్లీ స్ఫటికాలుగా పేరబెడితే లిండేన్ వస్తుంది. అది డబ్బాలోకి ఎక్కి, పేరు పెట్టించుకొని, పరీక్షలు చేయించుకొని, అనుమతి పత్రంతో బయటికి వెళుతుంది. వడపోత దగ్గర మిగిలిన ముద్దకు పేరూ లేదు, పరీక్షా లేదు, అనుమతి అడిగినవారూ లేరు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు తప్పు ఇక్కడే జరిగింది. ఒక మందు మంచిచెడ్డలు తూచేటప్పుడు డబ్బాలో ఉన్నదాన్నే తూచారు గానీ, ఆ డబ్బా నిండడానికి రియాక్టరులో ఏమేమి పుట్టిందో తూచలేదు. పొలానికి చేరే విషం తగ్గిన మాట వాస్తవం. అదే సమయంలో కర్మాగారం గోడ పక్కన విషం గుట్టగా పేరుకుపోయింది.

ఆ గుట్టను ఏం చేయాలన్న ప్రశ్నకు పరిశ్రమ కొన్నాళ్లు ఒక జవాబు వెతికింది. వ్యర్థాన్ని బాగా వేడి చేస్తే క్లోరిన్ కొంత ఊడి ట్రైక్లోరోబెంజీన్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వస్తాయి. వాటిని ఇతర రసాయనాల తయారీకి ముడిసరుకుగా వాడుకోవచ్చు. ఈ దారిలో నడిచిన జర్మనీలోని హాంబర్గ్ కర్మాగారంలో వేడి చేసిన అవశేషాల్లో డయాక్సిన్లు తేలాయి. అవి హెచ్‌సీహెచ్ కన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరమైనవి. 1984లో ఆ కర్మాగారం మూతపడింది. మిగతా చోట్ల ఎక్కువగా జరిగింది ఇంతకన్నా తేలికైన పని: గొయ్యి తవ్వి పోయడం, పాత క్వారీల్లో నింపడం, వాగు గట్ల మీద కుమ్మరించడం, లోతట్టు నేలను చదును చేయడానికి మట్టితో కలిపి పరచడం. జర్మనీలోని బిట్టర్‌ఫెల్డ్, స్పెయిన్‌లోని బరకాల్దో, సబిన్యానిగో, ఇటలీలోని కొల్లెఫెర్రో, మన దేశంలో లక్నో సమీపంలోని ఉమ్మరి గ్రామం, ఇవన్నీ ఈ జాబితాలోనివే. ఎల్బే నది పరీవాహకంలో 2002 వరదలు వచ్చినప్పుడు బిట్టర్‌ఫెల్డ్ పరిసరాల కాలుష్యం దిగువ ప్రాంతాల్లో పెద్ద ఆందోళనగా మారింది.

కొల్లెఫెర్రోలో జరిగింది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బీటా నడిచే దారి అక్కడ మొదటి నుంచి చివరి దాకా కనబడుతుంది. రోమ్‌కు ఆగ్నేయంగా, సాక్కో నది ఒడ్డున, రసాయన పరిశ్రమలతో పెరిగిన పట్టణం అది. 2005లో ఆహార అవశేషాల మామూలు తనిఖీలో భాగంగా ఆ లోయలోని ఒక పశుశాల నుంచి తీసిన పచ్చిపాల నమూనాలో బీటా హెచ్‌సీహెచ్ బయటపడింది. చట్టం అనుమతించిన హద్దుకు అది సుమారు 20 రెట్లు ఉంది. ఆ రైతు తన పశువులకు ఏ నిషిద్ధ మందూ పెట్టలేదు, పొలంలో ఏదీ చల్లలేదు. వెతుక్కుంటూ వెనక్కి వెళితే దారి ఇలా తేలింది: పారిశ్రామిక ఆవరణలో ఏనాడో పాతిపెట్టిన వ్యర్థాల నుంచి విషం నీటితో నదిలోకి చేరింది, నది దాన్ని దిగువ పొలాలకు మోసింది, నది నీటితోనూ వరదలతోనూ తడిసిన నేలలో పశుగ్రాసం పెరిగింది, ఆ గ్రాసాన్ని ఆవులు మేశాయి. కొవ్వును అంటిపెట్టుకునే గుణమున్న బీటా ఆవు ఒంట్లో చేరాక పాలలోని వెన్నతో పాటు బయటికి వచ్చింది.

ప్రభుత్వం ఆ ప్రాంతంలో అత్యవసర స్థితి ప్రకటించింది. పాలు పారబోశారు, పశువులను వధించారు, నది పక్కన ఆహార పంటలకు నేలను వాడకుండా ఆంక్షలు పెట్టారు. తర్వాత ఆ లోయ జనం రక్తాన్ని పరీక్షించినప్పుడు, నదికి దగ్గరగా నివసించేవారిలోనూ స్థానికంగా పండినవి తిన్నవారిలోనూ వయసు మళ్లినవారిలోనూ బీటా ఎక్కువగా ఉన్నట్లు కనిపించింది. వయసు సంగతి గమనించదగ్గది. శరీరం దాన్ని వదిలించుకునే వేగం కన్నా చేర్చుకునే వేగం ఎక్కువైనప్పుడు, బతికిన ప్రతి ఏడూ కొంత నిల్వను పెంచుతుంది.

ఆ నిల్వ ఎంతకాలం ఉంటుందన్నది గామాతో పోల్చితే తెలుస్తుంది. రక్తంలోకి చేరిన గామా సుమారు ఒక రోజులో సగానికి తగ్గిపోతుంది. బీటా సగానికి తగ్గడానికి ఏడేళ్లకు పైగా పడుతుందని కర్మాగార కార్మికుల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. ఈ రోజు నుంచి ఒక్క కణం కూడా కొత్తగా లోపలికి వెళ్లకపోయినా, ఉన్నదాంట్లో ఎనిమిదో వంతుకు దిగడానికి ఇరవై ఏళ్లకు పైబడిన కాలం కావాలి. కారణం మళ్లీ ఆ అమరికే. కాలేయంలోని ఎంజైములు గామా మీద పనిచేసినంత సులువుగా బీటా మీద పనిచేయలేవు. విరగని అణువు కొవ్వులోకి పోయి కూర్చుంటుంది. ఆడవారి శరీరం నుంచి అది బయటికి పోయే ముఖ్యమైన దారుల్లో ఒకటి చనుబాలు. అంటే తల్లి తగ్గించుకున్నది బిడ్డకు చేరుతుంది. ఇది చదివి తల్లిపాలు మానేయాలని ఎవరూ అనుకోకూడదు. తల్లిపాలు బిడ్డకు చేసే మేలు ఈ అవశేషాల వల్ల కలిగే ప్రమాదం కన్నా ఎక్కువన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరి. దిద్దుకోవలసింది తల్లి కాదు, ఆ విషాన్ని నేలలో పోసినవారు.

ఆరోగ్యానికి జరిగే హాని గురించి మాట్లాడేటప్పుడు తెలిసినదాన్నీ అనుమానాన్నీ విడివిడిగా ఉంచడం అవసరం. జంతువుల మీది ప్రయోగాల్లో బీటా కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీసింది, ఈస్ట్రోజెన్ హార్మోన్ చేసే పని లాంటిదే బలహీనంగా చేసింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1987లోనే హెచ్‌సీహెచ్ రూపాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వర్గంలో చేర్చింది. 2015లో లిండేన్‌ను, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన మొదటి వర్గంలోకి మార్చింది. ఆ నిర్ధారణ లిండేన్‌కు సంబంధించినదే తప్ప బీటాకు కాదు. పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారి రక్తంలో బీటా ఎక్కువమందిలో కనిపించిందని అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2009లో చెప్పింది. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి ఇంకొకదానికి కారణమని చెప్పలేం. రొమ్ము క్యాన్సర్ విషయంలో వేర్వేరు అధ్యయనాలు వేర్వేరు జవాబులిచ్చాయి. ఇంత అనిశ్చితి ఉన్నా, ఒంట్లోకి చేరాక తిరిగి తీసే మార్గం లేని పదార్థం విషయంలో పూర్తి రుజువు కోసం కాచుక్కూర్చోవడం ఎవరికీ మేలు చేయదు.

కర్మాగారాలకు ఎన్నో వేల కిలోమీటర్ల దూరంలో, ఏ పురుగుమందూ చల్లని ధ్రువ ప్రాంతంలో కూడా హెచ్‌సీహెచ్ దొరకడం శాస్త్రవేత్తలకు ఒక ముఖ్యమైన పాఠం చెప్పింది. ఆల్ఫా తేలిగ్గా ఆవిరై గాలితో ప్రయాణించి, చల్లటి చోట తిరిగి నీటిలోకి దిగుతుంది. అందువల్ల చైనా, సోవియట్ యూనియన్లు వాడకం ఆపగానే ధ్రువ ప్రాంతపు గాలిలో ఆల్ఫా చాలా వేగంగా తగ్గింది. బీటా అలా నడవలేదు. ఆవిరయ్యే గుణం తక్కువ కాబట్టి వానతో కలిసి ఉత్తర పసిఫిక్ సముద్రంలోకి దిగిపోయింది. అక్కడి నుంచి సముద్ర ప్రవాహాలతో మెల్లగా కదిలి, బేరింగ్ జలసంధి గుండా ధ్రువ సముద్రంలోకి చేరింది. ఒకే రియాక్టరులో ఒకేసారి పుట్టిన రెండు రూపాలు, ఒకటి గాలి దారిన ముందుగా, ఒకటి నీటి దారిన ఏళ్ల ఆలస్యంతో, ఒకే చోటికి చేరడం ఈ పదార్థాల గురించి నేను చదివిన సంగతుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. వాడకం ఆపిన తేదీకీ విషం తగ్గే తేదీకీ మధ్య ఎంత ఎడం ఉంటుందో అది చూపిస్తుంది.

చట్టం ఈ తేడాను ఆలస్యంగా గుర్తించింది. దీర్ఘకాలం నిలిచే సేంద్రియ కాలుష్యకాల మీద స్టాక్‌హోమ్ ఒప్పందం 2001లో కుదిరి 2004లో అమల్లోకి వచ్చినప్పుడు దాని తొలి జాబితాలో 12 పదార్థాలు ఉన్నాయి. డీడీటీ ఉంది, హెక్సాక్లోరోబెంజీన్ ఉంది, హెచ్‌సీహెచ్ ఏ రూపంలోనూ లేదు. మెక్సికో 2005లో లిండేన్‌నూ, ఆ మరుసటి ఏడు ఆల్ఫా, బీటాలనూ చేర్చాలని ప్రతిపాదించింది. 2009లో మూడింటినీ జాబితాలోకి తీసుకున్నారు. తలలో పేలకూ గజ్జికీ వాడే మందుగా లిండేన్‌కు కొంతకాలం మినహాయింపు ఇచ్చారు గానీ, ఆల్ఫా, బీటాలకు ఏ మినహాయింపూ లేదు. భారతదేశం 2011లో లిండేన్ తయారీని, 2013లో వాడకాన్ని నిషేధించింది.

ఎవరూ కావాలని తయారు చేయని పదార్థాన్ని నిషేధించడం దేనికని అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు ఒప్పందంలోని వ్యర్థాల నిబంధనలో ఉంది. జాబితాలో చేరిన పదార్థం నిల్వలు ఎక్కడున్నాయో సభ్యదేశాలు గుర్తించాలి, వాటిని భద్రంగా చూడాలి, తిరిగి వాడుకోవడానికి వీల్లేకుండా నాశనం చేయాలి. కిలో వ్యర్థంలో హెచ్‌సీహెచ్ 50 మిల్లీగ్రాములు దాటితే దాన్ని ఈ కట్టుబాటు కిందికి తెస్తూ మార్గదర్శకాలు వచ్చాయి. అంతకు ముందు దాకా ఊరు బయట తెల్లటి గుట్టగా పడి ఉన్నదానికి 2009తో చట్టంలో ఒక పేరు వచ్చింది, బాధ్యతా వచ్చింది. ఆ బాధ్యతకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నది మాత్రం చాలా చోట్ల తేలలేదు, ఎందుకంటే లిండేన్ అమ్మిన సంస్థల్లో అనేకం ఎప్పుడో మూతపడ్డాయి.

శుభ్రం చేయడం ఎందుకంత కష్టమో కూడా అణువు ఆకారమే చెబుతుంది. మట్టిలోని కొన్ని బ్యాక్టీరియాలు హెచ్‌సీహెచ్‌ను తిని బతకగలవని 1990 ప్రాంతంలో కటక్‌లోని వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు, జపాన్ పరిశోధకులు, ఆ తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఈ బ్యాక్టీరియాల్లో రెండు ముఖ్యమైన ఎంజైములు ఉన్నాయి. లిన్-ఎ అనేది నిలువుగా ఎదురెదురు దిక్కులకు ఉన్న క్లోరిన్, హైడ్రోజన్ జంటను ఊడదీస్తుంది. బీటాలో ఆ జంట లేదు కాబట్టి దాని ముందు లిన్-ఎ నిస్సహాయమవుతుంది. లిన్-బి అనే రెండో ఎంజైము వేరే దారి పడుతుంది: నీటి సాయంతో ఒక క్లోరిన్‌ను తీసి, ఆ చోట ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జంటను పెడుతుంది. బీటా మీద అది పనిచేస్తుంది, నెమ్మదిగా. అయితే చాలాసార్లు ఒకటి రెండు క్లోరిన్లు పోయాక పని అక్కడే ఆగి, సగం విరిగిన అణువులు మట్టిలో మిగులుతాయి. గాలి ఆడని బురదలో బతికే డీహాలోబ్యాక్టర్ జాతి సూక్ష్మజీవులు బీటాను బెంజీన్, క్లోరోబెంజీన్‌ల దాకా తీసుకెళ్లగలవు. అవి కూడా హానికరమైనవే గానీ, వాటిని తినే సూక్ష్మజీవులు ప్రకృతిలో మరిన్ని ఉన్నాయి. గుట్టలుగా ఉన్న వ్యర్థానికి మాత్రం ఇవేవీ చాలవు. దాన్ని 1,100 డిగ్రీలకు పైబడిన వేడిలో, డయాక్సిన్లు పుట్టకుండా జాగ్రత్తపడుతూ కాల్చాలి, లేదా రసాయనికంగా క్లోరిన్ తొలగించాలి. లక్షల టన్నుల మట్టికి ఆ ఖర్చు పెట్టగల ప్రభుత్వాలు తక్కువ. అందుకే చాలా చోట్ల తవ్వి తీసి, మందపాటి పొరలు పరిచిన కట్టడంలో మళ్లీ పాతిపెట్టారు. అది కాపలాయే తప్ప నాశనం కాదు.

ఆ కాపలా ఎలా ఉంటుందో స్పెయిన్‌లోని సబిన్యానిగోలో చూడవచ్చు. పిరెనీస్ కొండల దిగువన ఉన్న ఆ పట్టణంలో లిండేన్ తయారీ 1975లో మొదలై 1988లో ఆగిపోయింది. పట్టుమని పద్నాలుగేళ్లయినా నడవని ఉత్పత్తి, సార్దాస్, బైలీన్ అనే రెండు డంపింగ్ స్థలాల్లో లక్ష టన్నులకు పైగా వ్యర్థాన్ని వదిలింది. పొడితో పాటు అక్కడ ఒక చిక్కటి నల్లటి ద్రవం కూడా పోశారు. హెచ్‌సీహెచ్ రూపాలు, క్లోరోబెంజీన్లు కలిసిన ఆ ద్రవం నీటికన్నా బరువైనది, కాబట్టి భూగర్భ జలం మీద తేలకుండా దాని గుండా కిందికి దిగి, రాతి పగుళ్లలోకి జారి, అక్కడ మడుగు కట్టింది. 2014లో బైలీన్ వ్యర్థాన్ని కొత్త భద్ర కట్టడంలోకి తరలిస్తుండగా గాలెగో నదిలో హెచ్‌సీహెచ్ హద్దు దాటి, ఆ నది నీళ్లు తాగే కొన్ని ఊళ్లకు సరఫరా ఆపవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడ బావులు తవ్వి, పగుళ్లలోని ఆ ద్రవాన్ని పంపులతో పైకి తోడుతున్నారు. కొండవాలు నుంచి ఊరే నీటిని పట్టి, శుద్ధి చేసి, పరీక్షించాకే నదిలోకి వదులుతున్నారు. రాతి పగులు ఎటు వెళుతుందో పైనుంచి కనబడదు కనుక, ఒక బావి ఎండిపోయినంత మాత్రాన పని అయిపోయిందని అనుకోకుండా దాని పక్కన ఇంకొకటి తవ్వి చూస్తున్నారు.